రాస్‌ప్‌బెర్రీ పై 4కి డ్యాక్ బోర్డు పెట్టా, సౌండ్ రావట్లేదు

నా రాస్‌ప్‌బెర్రీ పై (చిన్న బోర్డు కంప్యూటర్) కోసం కోఠి గుజరాతీ గల్లీలో పీసీఎం5102 చిప్ ఉన్న చిన్న డ్యాక్ బోర్డు (డిజిటల్ సిగ్నల్‌ని ఆడియోగా మార్చేది) తెచ్చుకున్నా, నాన్నగారి పాత ఆంప్లిఫయర్‌కి కలిపి ఇంట్లో పాటలు పెడదామని. వైరింగ్ అంతా చేశా కానీ ఏప్లే కమాండ్ చూపించే సౌండ్ డివైస్‌ల లిస్టులో హెచ్‌డీఎంఐ ఒక్కటే కనిపిస్తోంది, డ్యాక్ పేరే లేదు. ఎవరైనా చెప్పండి బ్రదర్స్.

మెహదీపట్నం_ఆడియో: కాన్ఫిగ్ ఫైల్ ఏది మార్చారు? రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వర్మ్ వెర్షన్ నుంచి అది బూట్ లోపల ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఉంటది, పాత చోట రాస్తే పని చేయదు. అందులో డీటీఓవర్‌లే=హైఫైబెర్రీ-డ్యాక్ అని ఒక లైన్ పెట్టి రీబూట్ కొట్టండి, ఈ చిప్‌కి అదే సరిపోతుంది, వేరే డ్రైవర్ ఏం అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, ఇప్పుడు లిస్టులో వచ్చింది! కానీ పాట ప్లే అవుతోంది, స్పీకర్‌లో చప్పుడు లేదు.

సోల్డర్_పిచ్చి: డ్యాక్ బోర్డు మీద ఎస్‌సీకే (మాస్టర్ క్లాక్) పిన్ చూడండి. రాస్‌ప్‌బెర్రీ పై నుంచి మాస్టర్ క్లాక్ రాదు కాబట్టి దాన్ని గ్రౌండ్‌కి కలపాలి, అప్పుడు చిప్ లోపలి పీఎల్‌ఎల్ అనే సర్క్యూట్ ఆ క్లాక్‌ని తనే తయారు చేసుకుంటది. బిట్ క్లాక్ జీపీఐఓ 18, ఎల్‌ఆర్ క్లాక్ 19, డేటా 21, ఇవి జీపీఐఓ (సిగ్నల్ పిన్ల) నంబర్లు, బోర్డు మీద వరుసగా లెక్కపెట్టే భౌతిక పిన్ నంబర్లు కావు, చాలామంది ఇక్కడే తికమకపడతారు. డ్యాక్ బోర్డు వెనక ఎక్స్‌ఎస్‌ఎంటీ (మ్యూట్) జంపర్ హై వైపు లేకపోతే మ్యూట్‌లోనే ఉంటది.

మెహదీపట్నం_ఆడియో: ఇంకోటి, ఆల్సామిక్సర్‌లో (లినక్స్‌లో సౌండ్ సర్దుకునే ప్రోగ్రామ్) వాల్యూమ్ కనపడకపోతే కంగారు పడకండి, ఈ చిప్‌లో హార్డ్‌వేర్ వాల్యూమ్ లేదు. ప్లేయర్‌లో సాఫ్ట్‌వేర్ వాల్యూమ్ ఆన్ చేసుకోండి, మొదటిసారి మాత్రం ఆంప్లిఫయర్ నాబ్ బాగా తగ్గించి పెట్టండి.