సెల్లార్‌లో నీళ్లలో మునిగిన స్కూటర్ బ్యాటరీ: ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మొన్నటి వానకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. మా ఎలక్ట్రిక్ స్కూటర్ రాత్రంతా అందులోనే ఉంది. పొద్దున మావారు బ్యాటరీ ఊడదీసి, తుడిచి, మూడో అంతస్తులోని మా హాల్లో, అదీ గుమ్మం పక్కనే పెట్టారు! ఛార్జింగ్ మాత్రం పెట్టనివ్వలేదు నేను. నిన్న సాయంత్రం చూస్తే డబ్బా ఒక పక్క కాస్త ఉబ్బినట్టుంది, నెయిల్ పాలిష్ లాంటి వాసన. చేత్తో తాకితే వేడి లేదు.

ఇప్పుడు దాన్ని టెర్రస్ మీద, ఎండ తగలని చోట, వాటర్ ట్యాంకుకీ వైర్లకీ దూరంగా ఉత్త సిమెంటు నేల మీద పెట్టాం. మోసుకెళ్లడం తప్పో ఒప్పో తెలియదు కానీ, ఇంటి గుమ్మంలో ఉంచుకోలేకపోయాం. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జిలోకి పాకి 8 మంది పోయారు కదా, అది గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు.

లోపల ఒక సెల్ షార్ట్ అయినా పక్క సెల్స్ వరసగా అంటుకుంటాయనీ, ఆరిందనుకున్నా గంటల తర్వాత మళ్లీ రాజుకోవచ్చనీ చదివాను. పొగ వస్తే దగ్గరికి వెళ్లకుండా అందర్నీ దించేసి 101కి ఫోన్ చేయాలని అనుకున్నాం.

2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ తయారీదారు బాధ్యతే. షోరూమ్‌వాళ్లేమో "మీరే తీసుకురండి" అంటున్నారు. ఉబ్బినదాన్ని ఆటోలో ఎలా తీసుకెళ్తాం? హైదరాబాద్‌లో ఇంటికొచ్చి ఇలాంటివి పట్టుకెళ్లేవాళ్లెవరైనా ఉన్నారా? అంతవరకూ దాని మీద ఇసుక పోసి ఉంచాలా, ఊరికే వదిలేయాలా? ఈ పని చేసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.