పాత 16 బిట్ల ఫిగ్-ఫోర్త్ కోడ్ జీఫోర్త్‌లో తప్పు విలువలిస్తోంది

అలాట్_18: ఫోర్త్ అనే ప్రోగ్రామింగ్ భాషకి పాత రూపమైన ఫిగ్-ఫోర్త్ కోసం రాసిన ప్రోగ్రాం ఒకటి, 64 బిట్ల లినక్స్‌లో ఇప్పటి రూపమైన జీఫోర్త్ మీదికి తెస్తున్నాను. కోడ్ పలికినట్టే తెలుగులో రాస్తున్నా. పట్టిక ఇలా ఉంది:

0 వేరియబుల్ పట్టీ 18 అలాట్
: చోటు 2 * పట్టీ + ;

5 0 చోటు ! 7 1 చోటు ! చేసి, 0 చోటు @ . అంటే 458757 వస్తోంది (! మెమరీలో రాస్తుంది, @ చదువుతుంది). ఫైల్ లోడవగానే, స్టాక్‌లో ఏముందో చూపే .ఎస్ కొడితే <1> 0 అని చూపిస్తోంది. యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే వర్డ్‌లో (ఫోర్త్‌లో ఫంక్షన్ లాంటిది) ఉన్న యూ* జీఫోర్త్‌లో లేకపోవడంతో దాని బదులు యూఎమ్* పెట్టాను, సీడ్‌కి 65535 అండ్ కూడా కలిపాను. అప్పట్నుంచి ఎప్పుడూ 0 తప్ప ఏమీ రావట్లేదు.

రిటర్న్‌స్టాక్: 458757 అంటే 5 + 7 × 65536. మీ మెషీన్‌లో సెల్, అంటే ఒక సంఖ్యకి పట్టే మెమరీ, 8 బైట్లు. 7ని రెండో బైటు దగ్గర రాస్తే అది మొదటి సెల్ మధ్యలో పడుతుంది.

క్రియేట్ పట్టీ 10 సెల్స్ అలాట్
: చోటు సెల్స్ పట్టీ + ;

రెండు లైన్లూ ఒకేసారి మార్చండి. చోటు ఒక్కటే మార్చి వదిలేస్తే ఉన్నవి 8 + 18 = 26 బైట్లే; సూచిక 3 నుంచే పక్కవాళ్ల మెమరీలోకి రాస్తారు, క్రాష్ ఇంకెక్కడో కనిపిస్తుంది. అలాట్ మెమరీని సున్నా చెయ్యదు, అందుకని పట్టీ 10 సెల్స్ ఎరేజ్ కూడా.

స్టాక్‌లో మిగిలిన 0 వేరియబుల్ ముందున్నదే. ఫిగ్-ఫోర్త్‌లో వేరియబుల్ తొలి విలువను స్టాక్ నుంచి తీసుకునేది, ఇప్పుడు తీసుకోదు.

డజ్‌తర్వాత: ప్రతిచోటా దిద్దక్కర్లేదండీ. ఫైల్ మొదట్లో : వేరియబుల్ క్రియేట్ , ; అని పెట్టుకుంటే సరి. రీడిఫైన్డ్ అని హెచ్చరిక వస్తుంది, పట్టించుకోకండి.

రిటర్న్‌స్టాక్: మామూలు వేరియబుల్స్ వరకైతే చాలు. కానీ 18 అలాట్ 18గానే ఉండిపోతుంది కదా. ముందు అలాట్, 2 *, 2+ ఉన్న లైన్లన్నీ వెతికి ఒక్కొక్కటీ చూడాల్సిందే. ఆ 2 బైట్ల లెక్కా, నిజంగా రెట్టింపు చేయడమా అనేది మనిషి చదివితేనే తెలుస్తుంది.

శేషం_ఎక్కడ: యాదృచ్ఛిక సంఖ్య సంగతి: యూఎమ్* స్వాప్ డ్రాప్ పై సెల్‌ని ఉంచుతుంది. 16 బిట్లలో పై సెల్ అంటే 65536తో భాగించినట్టు. 64 బిట్లలో, 65535 దాటని సీడ్‌ని 10తో గుణిస్తే పై సెల్‌లోకి ఏమీ చేరదు. మాస్క్ (ఆ 65535 అండ్) అలాగే ఉంచి, యూఎమ్* స్వాప్ డ్రాప్ బదులు * 16 ఆర్‌షిఫ్ట్ రాయండి.

అడగకపోయినా ఇవీ చూసుకోండి, ఎర్రర్ రాకుండానే తప్పు లెక్కలిస్తాయి. పోలిక నిజమైతే ఫిగ్‌లో 1, జీఫోర్త్‌లో -1. పోలిక ఫలితాన్ని +! తో కూడబెట్టి లెక్కించే కోడ్ కిందికి లెక్కిస్తుంది. మధ్యలో నెగేట్ పెట్టండి. -7 2 / అప్పుడు -3, జీఫోర్త్‌లో -4. పాత జవాబే కావాలంటే:

: పాతభాగం >ఆర్ ఎస్>డీ ఆర్> ఎస్ఎమ్/రెమ్ నిప్ ;

లూప్ నుంచి బయటపడేసే లీవ్ అప్పట్లో ఆ చుట్టులో మిగిలిన పని పూర్తయ్యాకే బయటికొచ్చేది, ఇప్పుడు అక్కడికక్కడే. ఇక 0 0 డూ ఫిగ్‌లో ఒకసారి తిరిగి ఆగేది. జీఫోర్త్‌లో 2^64 సార్లు, అంటే హ్యాంగ్ అయినట్టే. హద్దు లెక్క కట్టి వచ్చే చోట ?డూ వాడండి, రెండు హద్దులూ సమానమైతే అది ఒక్కసారి కూడా తిరగదు.

అలాట్_18: పట్టీ, స్టాక్, యాదృచ్ఛిక సంఖ్య మూడూ సరిగ్గా వస్తున్నాయి. అయితే డేటా ఫైల్ పాతదే, ఒక్కో సంఖ్యకి 2 బైట్లు. దాన్ని నేరుగా పట్టీలోకి చదవొచ్చా?

రిటర్న్‌స్టాక్: వద్దు, మళ్లీ 458757 కథే. ముందు వేరే బఫర్‌లోకి చదివి, ఒక్కో సంఖ్యనీ రెండు సీ@లతో (సీ@ ఒక్క బైటే చదువుతుంది) కలిపి పట్టీలో వెయ్యండి:

: పదహారు డూప్ సీ@ స్వాప్ 1+ సీ@ 8 ఎల్‌షిఫ్ట్ ఆర్ ;

చివరి ఆర్ అంటే OR. ఇది చిన్న బైటు ముందుండే ఫైల్‌కి. ఫైల్ రాసిన మెషీన్‌లో పెద్ద బైటు ముందుంటే 8 ఎల్‌షిఫ్ట్‌ని మొదటి సీ@ వెనక్కి మార్చాలి. రుణసంఖ్యలుంటే -1 కాస్తా 65535 అవుతుంది, కాబట్టి చివర్లో డూప్ 32767 > ఇఫ్ 65536 - దెన్ కలపండి.