పురీషనాళ క్యాన్సర్: కీమో మందులు కలిపి ఇస్తే మేలేనా?

సందేహి:
పురీషనాళం అంటే పెద్దపేగు చివరి భాగం. అక్కడి క్యాన్సర్ పేగు గోడ దాటినా, పక్క లింఫు గ్రంథులకు పాకినా, దూరపు అవయవాలకు చేరని దశ గురించి అడుగుతున్నాను. ఆపరేషన్‌కు ముందు రేడియేషన్‌తో పాటు కేపెసిటబిన్ అనే కీమో మాత్ర ఒక్కటే ఇస్తారు. ఆక్సాలిప్లాటిన్ అనే మరో కీమో మందు కూడా జోడించడానికి వెనకాడటం దేనికి? పెద్దపేగు క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత ఆ జంట పనిచేస్తోంది కదా.

నిదానం:
వెనకాడలేదు, ప్రయత్నించి వదిలేశారు. ఇటలీలో స్టార్-01, ఫ్రాన్స్‌లో అకార్డ్-12, అమెరికాలో ఆర్-04 అనే అధ్యయనాలు జరిగాయి. మూడింటిలోనూ రేడియేషన్ నడుస్తుండగానే ఆక్సాలిప్లాటిన్ కలిపారు. కణితి పూర్తిగా మాయమైన వారి శాతం గణాంకాల లెక్కకు నిలిచేంతగా పెరగలేదు. విరేచనాలు మాత్రం బాగా పెరిగాయి.

ఎదురుమాట:
జర్మనీ అధ్యయనాన్ని దాటవేశారే! 2015 ఫలితాల్లో మూడేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు ఆక్సాలిప్లాటిన్ వర్గంలో 75.9 శాతం, అది లేని వర్గంలో 71.2.

నిదానం:
దాటవేయలేదు. అందులో ఆపరేషన్ తర్వాతి కీమోలోనూ ఆక్సాలిప్లాటిన్ ఉంది. పైగా ఫ్లోరోయురాసిల్ (కేపెసిటబిన్ ఒంట్లోకి వెళ్లాక మారేది ఈ మందుగానే) ఇచ్చిన తీరు రెండు వర్గాల్లో ఒకటి కాదు. ఆ తేడా దేనివల్ల వచ్చిందో ఎలా విడదీస్తారు?

మూడోగొంతు:
మీరిద్దరూ రేడియేషన్ రోజుల దగ్గరే ఆగిపోయారు. ఆ సమయంలో పేగు ముందే దెబ్బతిని ఉంటుంది, ఇంకో మందును ఓర్చుకోదు. అదే కలయికను ముందుకు జరిపితే కథ వేరు. ప్రాడీజ్-23 అనే అధ్యయనంలో రేడియేషన్‌కు ముందు మూడు నెలలు ఫ్లోరోయురాసిల్, ఆక్సాలిప్లాటిన్, ఇరినోటికాన్ మూడూ ఇచ్చారు. ఏడేళ్లకు బతికున్నవారు 81.9 శాతం, ముందు కీమో లేకుండా నేరుగా రేడియేషన్‌తో మొదలయ్యే పాత పద్ధతిలో 76.1. పాత పద్ధతి వారికీ ఆపరేషన్ తర్వాత ఆరు నెలల కీమో ఉంది సుమా! ఆపరేషన్ తర్వాత నీరసించిన మనిషికి ఆ కీమో పూర్తిచేయడమే కష్టం.

ఎదురుమాట:
అందులో చేరినవారు 75 ఏళ్ల లోపువారు, ఒంట్లో సత్తువ ఉన్నవారు. ఆ అంకెను అందరికీ అంటగట్టకండి. రాపిడో అనే అధ్యయనం సంగతీ చెప్పండి: ఐదు రోజుల రేడియేషన్, తర్వాత కీమో. కణితి పూర్తిగా పోయినవారు 14 నుంచి 28 శాతానికి పెరిగారు, నిజమే. కానీ ఐదేళ్లకు అదే చోట తిరగబెట్టడం పాత పద్ధతిలో 6 శాతమైతే, ఇందులో 10 శాతం.

సందేహి:
అయితే రేడియేషనే మానేస్తే?

మూడోగొంతు:
కొందరికి కుదురుతుంది. 2023లో వచ్చిన ప్రాస్పెక్ట్ అనే అధ్యయనంలో ముందుగా ఆక్సాలిప్లాటిన్, ఫ్లోరోయురాసిల్ కలయిక ఇచ్చి, కణితి తగినంత తగ్గనివారికే రేడియేషన్ ఇచ్చారు. ఐదేళ్ల ఫలితం పాత పద్ధతికి తీసిపోలేదు. అయితే పక్క అవయవాలను తాకిన కణితులనూ, మలద్వారానికి మరీ దగ్గరగా ఉన్నవాటినీ అందులో చేర్చుకోలేదు.

నిదానం:
ఆక్సాలిప్లాటిన్‌తో వేళ్లకు పట్టే తిమ్మిరి కొందరిలో ఏళ్లతరబడి పోదు. వేళ్లతో పనిచేసి బతికేవారికి రేడియేషనే నయమనిపించవచ్చు. పిల్లలు కావాలనుకునేవారికి రేడియేషన్ లేని దారే ముద్దు. ఎమ్మారై చూడకుండా, రోగిని అడగకుండా ఇక్కడ మనం తేల్చేది కాదిది.