పద్మిని గేరు లివర్ వదులు, బుష్‌లు ఇంట్లోనే మార్చొచ్చా?

ప్రశ్న: నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారు, స్టీరింగ్ పక్కన గేరుండే మోడల్. లివర్ న్యూట్రల్‌లో గలగలా ఊగుతోంది, రెండో గేరు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. మెకానిక్ ఏమో గేర్‌బాక్స్ దింపాలంటున్నాడు. నిజమేనా అన్నా?

పాతబండి: తొందరపడి దింపించకు తమ్ముడూ. ఇంజన్ ఆపి, ఎవరినైనా లివర్ కదపమని నువ్వు బానెట్ ఎత్తి స్టీరింగ్ కాలమ్ కింద, లివర్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే రాడ్ల చివర్లు చూడు. లివర్ కదిలినా రాడ్డు వెంటనే కదలట్లేదంటే బుష్ (రాడ్డు కీలులో ఉండే చిన్న గొట్టం లాంటి ముక్క) అరిగినట్టే, రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంటుంది. విప్పే ముందు అడ్జస్ట్‌మెంట్ నట్టు ఎక్కడుందో పెయింటుతో గుర్తు పెట్టుకో, లేదంటే మళ్లీ సెట్ చేసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

బెజవాడబాబు: బుష్ దొరక్కపోతే పాతది పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లండి, లేత్ మీద చేయించుకోవచ్చు. బుష్‌లో ఉండే పిన్ను కూడా అరిగుంటే అదీ మార్చాలి, కొత్త బుష్ ఒక్కటే వేస్తే త్వరగా పాడవుతుంది. గ్రీజు మర్చిపోవద్దు. బండి కిందకి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టి చక్రాలకు అడ్డం వేయండి.

పాతబండి: ఇవన్నీ మార్చాక కూడా గేరు వేసేటప్పుడు కర్రుమంటే క్లచ్ చూడాలి, అది వేరే కథ.