ఓజోన్ ఎక్కువున్న రోజుల్లో పరుగు: దగ్గు తగ్గిందంటే ఊపిరితిత్తులు అలవాటు పడ్డట్టేనా?

పరుగుపిచ్చి:
నాది రాత్రి డ్యూటీ. నిద్ర లేచి పరుగుకు వెళ్లేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. పోయిన వారం యాప్‌లో ఓజోన్ ఎక్కువని చూపించింది. ఆకాశం చూస్తే పొగా దుమ్మూ ఏమీ లేవు, సరే అని వెళ్లాను. గట్టిగా ఊపిరి పీలిస్తే రొమ్ము మధ్యలో మంట, పొడి దగ్గు. మర్నాడు ఇంకా ఎక్కువైంది. అయినా మానలేదు. మూడు నాలుగు రోజులకు అన్నీ వాటంతటవే పోయాయి. అంటే ఊపిరితిత్తులు తట్టుకోవడం నేర్చుకున్నట్టేనా? ఎన్95 మాస్కు పెట్టుకుంటే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

నీలిమేఘం:
ఓజోన్ కంటికి కనపడదండీ. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు, రంగుల లాంటి వాటి ఆవిర్లు ఎండలో కలిసి చర్య జరిపితే పుడుతుంది. అందుకే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ. మీరు సరిగ్గా ఆ టైముకే వెళ్తున్నారు. ఎన్95 ఆపేది ధూళి కణాలను, ఇది వాయువు.

కణజాలం:
శ్వాసనాళాల లోపలి పొర కణాలను ల్యాబ్‌లో పెంచి, వాటి మీద ఓజోన్ ప్రయోగాలు చేయడం నా పని. పరుగుపిచ్చి గారూ, తట్టుకోవడం నేర్చుకున్నవి మీ నరాలు. కణాల సంగతి వేరే.

ఈ కణాలను మామూలుగా ద్రవంలో ముంచి పెంచితే ఓజోన్ ఆ ద్రవంతోనే చర్య జరిపి అక్కడే ఖర్చయిపోతుంది. అందుకని సన్నని రంధ్రాలున్న పొర మీద, కింద పోషక ద్రవం, పైన గాలి ఉండేలా పెంచుతాం. కొన్ని వారాలకు వాటికి సీలియా, అంటే కదిలే సన్నని వెంట్రుకల్లాంటివి, మొలుస్తాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే అవి పైనున్న శ్లేష్మాన్ని గిరగిరా తిప్పుతుంటాయి. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. తర్వాత పొరకు పైనొక ఎలక్ట్రోడ్, కిందొకటి పెట్టి విద్యుత్ నిరోధం కొలుస్తాం. ఆ అంకె పడిపోయిందంటే కణాల మధ్య అతుకులు వదులయ్యాయన్నమాట. మనుషుల్లోనూ ఇది చూశారు. ఓజోన్ పీల్చిన వాలంటీర్లలో, గుర్తు పెట్టిన చిన్న అణువులు ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి త్వరగా జారిపోయాయి.

ఓజోన్ నీటిలో అంతగా కరగదు. సల్ఫర్ డయాక్సైడ్‌ను ముక్కు, గొంతే చాలావరకు పట్టేస్తాయి, ఇది మాత్రం సన్నని నాళాల చివరిదాకా వెళ్తుంది. కణాల మీదుండే పల్చని ద్రవంలో విటమిన్ సి, యూరిక్ ఆమ్లం, గ్లూటాథయోన్ మొదటి దెబ్బ తింటాయి. మిగిలింది అక్కడి కొవ్వుల్లోని జంట బంధాలను తెంచుతుంది. ఓజోన్ నేరుగా కణాన్ని తాకేది తక్కువే. ఆ తెగిన ముక్కలు, అంటే ఆల్డిహైడ్లు, పెరాక్సైడ్లు, అసలు నష్టం చేస్తాయి. రబ్బరు పగిలేది కూడా ఇదే రసాయన చర్యతో. లాస్ ఏంజెలెస్ కాలుష్యపు పొగ (స్మాగ్) మీద పనిచేసిన శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ వంచిన రబ్బరు ముక్కల పగుళ్లను చూసే ఓజోన్‌ను అంచనా వేశాడు.

సీలియా ఉన్న కణాలు ముందు దెబ్బతింటాయి. పక్క కణాలు ఐఎల్-8 లాంటి సంకేతాలు వదిలితే, కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి. మీకు తెలిసిన మంట, నిండుగా ఊపిరి తీయలేకపోవడం నాళాల్లోని నరాల కొసలు చేసే గోల. రోజూ ఓజోన్ తగిలితే రెండో రోజు గోల పెరిగి, నాలుగైదు రోజులకు సద్దుమణుగుతుంది. మీకు జరిగిందదే. కానీ అలా వరసగా పీల్చిన వాలంటీర్ల ఊపిరితిత్తుల్లోకి కాస్త ద్రవం పంపి, వెనక్కి తీసి చూస్తే, ఇన్‌ఫ్లమేషన్ (వాపు) గుర్తులు కొన్ని తగ్గినా, కణాలు దెబ్బతిన్నప్పుడు బయటికొచ్చే ఎల్‌డీహెచ్ ఎంజైమ్ తగ్గలేదు. ముందే ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ ఊపిరి అంతగా తగ్గలేదు, న్యూట్రోఫిల్స్ మాత్రం వచ్చాయి.

పరుగుపిచ్చి:
అమ్మో, నొప్పి లేదు కదా అని ఇంకాస్త స్పీడు పెంచాను కూడా! పోనీ విటమిన్ సి మాత్రలు వేసుకుంటే?

కణజాలం:
విటమిన్ సి, ఇ ఇచ్చి చూశారు. ఊపిరి సామర్థ్యం పడిపోవడం కాస్త తగ్గింది కానీ ఇన్‌ఫ్లమేషన్‌లో తేడా రాలేదు. నేనైతే దాని మీద ఆధారపడను. కూర్చున్నప్పుడు నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీలుస్తాం, వేగంగా పరుగెత్తితే 60 లీటర్లు దాటుతుంది. కాబట్టి టైము మార్చడమే మేలు. డ్యూటీ దిగగానే, ఎండ ముదరకముందే వెళ్లి, తర్వాత పడుకోండి. యాప్‌లో మొత్తం ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) చూసి ఊరుకోకండి, ఓజోన్ అంకె విడిగా చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన పరిమితి ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు.

నీలిమేఘం:
కిటికీలు మూసి ఇంట్లో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తినా ఓజోన్ తక్కువే తగులుతుంది, గోడలూ సామాన్లూ కొంత పీల్చేస్తాయి. ఓజోన్ వదిలే ‘ఎయిర్ ప్యూరిఫయర్’ మాత్రం ఇంట్లో పెట్టకండి.