గొలుసు డాలరు, హాల్ పట్టణం: ఒక మాట గురించి

ప్రశ్న: మెడగొలుసుకు వేలాడే బిళ్ళను డాలరు అంటాం కదా. ఇది అమెరికా డాలరేనా? ఆస్ట్రియాలోని హాల్ అనే ఊళ్ళో ఈ మాట పుట్టిందంటున్నారు, నిజమేనా?

జవాబు: మాట ఒకటేనండీ. కానీ హాల్‌లో పుట్టింది పెద్ద వెండి నాణెం, దాని పేరు కాదు. హాల్ ఉన్న టిరోల్ ప్రాంతపు పాలకుడు సిగిస్మండ్ 1477లో టంకశాలను మెరాన్ నుంచి ఇన్ నది ఒడ్డునున్న హాల్‌కు మార్చాడు. పక్కనే ష్వాత్స్ గనుల్లో వెండి దండిగా ఉంది, బంగారం లేదు. అందుకని ఒక బంగారు గుల్డెన్ విలువ చేసే వెండిని ఒకే నాణెంలో పెట్టి 1486లో గుల్డినర్ కొట్టించాడు. సుమారు 32 గ్రాములు, 60 క్రొయిట్జర్ల (చిల్లర నాణేల) మారకం. పెద్ద వెండి నాణేలకు దారి చూపింది ఇదే.

పేరు బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) యోఆకిమ్స్‌టాల్ ఊరు ఇచ్చింది. ‘టాల్’ అంటే లోయ. ఆ లోయ నాణెం టాలర్. అది డచ్చి నోట డాలర్, అక్కణ్ణించి ఇంగ్లీషు డాలర్. 1520 ప్రాంతంలో అక్కడ లెక్కకు మిక్కిలిగా కొట్టారు కాబట్టే ఆ పేరు నిలిచింది.

మరొకరు: హాల్‌ను అంత తేలిగ్గా వదలకండి. 1567లో టంకశాల ఊళ్ళోనే ఉన్న హాసెగ్ కోటకు మారింది, ఆ తర్వాత అక్కడ నీటిచక్రంతో తిరిగే రోలర్లతో ముద్ర వేశారు. రెండు రోలర్ల మీదా అచ్చులు చెక్కి, మధ్యలోంచి వెండి రేకు పోనిస్తే రెండు వైపులా ఒకేసారి బొమ్మ పడుతుంది; తర్వాత బిళ్ళలు కత్తిరిస్తారు. రోలర్ల కింద రేకు సాగుతుంది, దాంతో బొమ్మా సాగుతుంది. కాబట్టి అచ్చును ఆ దిశలో కుదించి, కోలగా చెక్కాలి; గుండ్రంగా చెక్కితే రాజుగారి మొహం సాగిపోతుంది. రేకు ఎక్కడ పలచగా ఉన్నా అక్కడ ముద్ర సరిగ్గా పడదు. ఒకే రోలరు మీద చాలా అచ్చులుంటాయి, ఒకటి పగిలినా రోలరు మొత్తం దించాల్సిందే. నాణేలు కూడా కాస్త వంపు తిరిగి వస్తాయి. ఇన్ని చిక్కులున్నా సుత్తిదెబ్బ కంటే ఎంతో వేగం. 1580ల్లో స్పెయిన్ రాజు సెగోవియా ఊళ్ళో పెట్టిన టంకశాలకు ఈ యంత్రాలు హాల్ నుంచే వెళ్ళాయి.

హాల్ అన్న ఊరి పేరు మాత్రం ఉప్పు నుంచి వచ్చింది. హాల్‌స్టాట్, హాలైన్ కూడా ఉప్పు ఊళ్ళే. మన ఉప్పు మడుల్లో ఉప్పు పండుతుంది. హాల్‌లో కొండ లోపలి ఉప్పునీటిని చెక్క గొట్టాల్లో ఊరికి దించి పెద్ద పెనాల్లో కాచేవారు. గని 1967లో మూతపడింది.

అడిగినవారు: మరి నాణెం పేరు నగకెలా వచ్చిందండీ?

జవాబు: నాణెంలా గుండ్రటి బిళ్ళ కాబట్టే అని నా అభిప్రాయం. తమిళంలోనూ డాలరే అంటారు. మనకిది కొత్తేమీ కాదు, కాసులపేరులో కాసూ నాణెమే. రాళ్ళు పొదిగినది పతకం, మూత తెరుచుకునేది లాకెట్టు. డాలరు అంటే బిళ్ళే.

అసలు టాలర్‌నే మెడలో వేసుకోవడమూ ఉంది. ఆస్ట్రియా రాణి మరియా థెరెసా బొమ్మతో, 1780 తేదీతో కొట్టే మరియా థెరెసా టాలర్ యెమెన్, ఇథియోపియా నగల్లో కనిపిస్తుంది. బరువు 28.07 గ్రాములు, వెయ్యికి 833 పాళ్ళు వెండి. 1940-41లో బొంబాయి టంకశాల కూడా దీన్ని కొట్టింది. మీ దగ్గరుంటే అంచు చూడండి: ‘న్యాయం, దయ’ అని అర్థం వచ్చే లాటిన్ అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండాలి. పోతపోసిన నకళ్ళలో అవి మొద్దుబారి ఉంటాయి. దాన్ని డాలరుగా వేసుకోవాలంటే అంచుకు కొక్కెం అతికించకండి, ఆ వేడికి అక్షరాలు చెడిపోతాయి. చుట్టూ వెండి పట్టీ వేయించి, కొక్కెం ఆ పట్టీకి పెట్టించండి.