ఇరుకు రోడ్డులో సైకిల్ మీద లేన్ మధ్యలో వెళ్లడం తప్పా?

పెడల్ మీద:
నిన్న సాయంత్రం వెనక కారాయన ఆపకుండా హారన్ కొట్టి, సందు దొరకగానే పక్కకొచ్చి అద్దం దించి "రోడ్డు నీ సొంతమా?" అని అరిచి వెళ్లాడు. నేను లేన్ మధ్యలో తొక్కుతున్న మాట నిజం. కావాలనే తొక్కుతున్నాను. ఒక పక్కంతా ఆపిన కార్లే, మిగిలిన వెడల్పు ఒక్క కారుకే సరిపోతుంది. అంచుకి జరిగితే వెనకవాళ్లు పట్టకపోయినా దూరిపోతారు.

పోయినేడాది అలా అంచున వెళ్తుంటే ఆగి ఉన్న కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకుని హ్యాండిల్ కొసకి తగిలింది. నేను పడింది రోడ్డు వైపు. తలెత్తి చూస్తే వెనక బండి ముందు చక్రం జానెడు దూరంలో ఆగి ఉంది. ముంజేతి మీద మచ్చ ఇంకా ఉంది.

బ్రిటన్‌లో 2022 జనవరిలో సవరించిన హైవే కోడ్ (అక్కడి రోడ్డు నియమాల పుస్తకం), దారి ఇరుకయ్యే చోటా కూడళ్ల దగ్గరా లేన్ మధ్యలోనే వెళ్లమని సైకిల్ వాళ్లకి చెబుతోంది. ఆపిన కార్లకి తలుపు వెడల్పు, లేదా 1 మీటరు, ఎడం ఉంచమంటోంది. మరి నేను చేసింది తప్పెలా అవుతుంది?

స్టీరింగ్ వెనక:
తలుపు సంగతి ఒప్పుకుంటానండి. కానీ మీ వెనక వచ్చేవాడి టెన్షన్ కూడా వినండి. మీరు గుంత తప్పించబోయి ఎటు తిరుగుతారో నాకు తెలియదు. నా వెనకవాడు నన్ను తోస్తున్నట్టు హారన్ కొడుతుంటాడు. ఇరుకులో మధ్యన వెళ్లండి, సరే. రోడ్డు వెడల్పయ్యాక కూడా పక్కకి జరగని వాళ్లున్నారు. ఎర్ర లైటు పడ్డా ఆగరు. రాత్రిపూట వెనక లైటు లేకుండా, నల్ల చొక్కాతో వస్తారు. పది అడుగుల దూరానికి వచ్చేదాకా మనిషి ఉన్నట్టే తెలియదు. వాళ్లకేమైనా అయితే జీవితాంతం మోయాల్సింది నేను కూడా.

పెద్ద బండి:
లారీ నడుపుతాను. మధ్యలో వెళ్లే సైకిల్‌తో నాకు ఇబ్బంది లేదు, కళ్లెదురుగా కనిపిస్తుంది. నా గుండె ఆగేది క్లీనర్ వైపు సందులో సైకిల్ దూరినప్పుడే. క్యాబిన్ పక్కన ఆనుకుని నిలబడితే అద్దంలో మీరు ఉండరు. బంపర్‌కి మరీ దగ్గరగా నిలబడినా అంతే. పైగా మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు భాగం మీకు దూరంగా జరిగిందని ధైర్యంగా నిలబడతారు, అంతలో వెనక చక్రం మీ మీదికి వచ్చేస్తుంది. దయచేసి సిగ్నల్ దగ్గర లారీ పక్కన ఆగకండి, వెనక ఆగండి.

పొద్దున నడక:
అందరూ కార్ల గురించే మాట్లాడుతున్నారు. నడిచేవాళ్లూ సైకిళ్లూ కలిసి వాడే ట్రైల్ మీదికి రండి, అక్కడ బలమైన బండి సైకిలే. మా అమ్మకి వినికిడి తక్కువ. చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే ఒకతను బెల్ కొట్టకుండా మోచెయ్యి రాసుకుని దూసుకుపోయాడు. ఆ తర్వాత ఆమె నెల రోజులు నడకకి రానంది. రోడ్డు మీద మీకు 1.5 మీటర్ల ఎడం కావాలంటారు కదా, మాకూ కావాలి. బెల్ కూడా వీపు వెనక కొడితే ఉలిక్కిపడి సరిగ్గా మీకు అడ్డంగానే జరుగుతాం. దూరం నుంచే కొట్టండి, నెమ్మదించండి. మాలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బాటంతా పరుచుకుని నడిచేవాళ్లున్నారు, అదీ తప్పే.

లెక్కల మనిషి:
వేగం మాట ఎవరూ ఎత్తలేదు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు, డ్రైవర్ కాలు బ్రేక్ మీదికి చేరే ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు పోతుంది. 30తో అయితే 8 మీటర్లు. దెబ్బలో ఉండే శక్తి 30 కంటే 50లో దాదాపు 2.8 రెట్లు. స్పెయిన్‌లో దిశకి ఒక్క లేనే ఉన్న ఊరి వీధుల్లో 2021 మే నుంచి పరిమితి 30. అక్కడ సైకిల్ మధ్యలో వెళ్లినా కారు పోగొట్టుకునేది కొద్ది సెకన్లే. వేగం తగ్గించలేని పెద్ద రోడ్ల మీద మాత్రం గట్టుతో విడదీసిన సైకిల్ దారి కావాల్సిందే, గీసిన తెల్లగీత ఎవర్నీ ఆపదు.

పెడల్ మీద:
నడక గారూ, మీ అమ్మగారి మాట చదివి మనసు చివుక్కుమంది. నేనూ ట్రైల్ మీద దగ్గరికొచ్చాకే బెల్ కొడతాను, మానేస్తాను. స్టీరింగ్ గారూ, వెడల్పు దొరికిన చోట జరిగి దారి ఇస్తాను. లైటు రెండు వైపులా ఉంది. కానీ ఆపిన కార్ల పక్కన మాత్రం అంచుకి రాను, మీరెంతసేపు హారన్ కొట్టినా.

స్టీరింగ్ వెనక:
కొట్టను. ఈరోజు ఇంటి ముందు కారు ఆపి, తలుపుకి దూరంగా ఉన్న చేత్తో గడియ తీసి చూశాను. నెదర్లాండ్స్‌లో అలవాటని ఎక్కడో చదివాను. ఒళ్లు దానంతటదే తిరిగి, వెనక రోడ్డంతా కనిపించింది. మా పిల్లలు వెనక సీట్లోంచి దిగేటప్పుడు కూడా అలాగే తీయమన్నాను. ఎర్ర లైటు విషయంలో మాత్రం నా మాట నాదే.